చాకు మొన ఎందుకు విరుగుతుంది?

పెయింటు డబ్బా మూత ఎంతకీ రాదు. చేతికి దగ్గర్లో జేబు చాకు ఉంటుంది. దాని మొనను మూత అంచు కింద దోపి పైకి లేపుతాం. టప్పుమని మొన విరుగుతుంది. చాకు వాడే ఇళ్లలో ఇది ఎప్పుడో ఒకప్పుడు జరిగే సంగతే. ఆ తరువాత అందరూ అడిగే ప్రశ్న కూడా ఒకటే. ఉక్కే కదా, ఎందుకు విరిగింది? మరి అదే చాకులో పక్కనే మడిచి ఉన్న స్క్రూడ్రైవరుతో మూత లేపితే దానికేమీ కాదెందుకు?

నాసిరకం చాకు అని చాలామంది తేల్చేస్తారు. అది సరైన జవాబు కాదు. ఖరీదైన చాకు మొన ఇంకా తేలిగ్గా విరగవచ్చు. బాగా తెగేలా చేసిన బ్లేడుకు ఏ గుణాలు ఉండాలో, మూత లేపడానికి సరిగ్గా వాటికి వ్యతిరేకమైన గుణాలు కావాలి. జేబులో మడిచి పెట్టుకునే చాకులు, పట్టకారుతో సహా పది పనిముట్లు ఒకే పిడిలో ఇమిడిన మల్టీటూళ్లు ఈ ఇబ్బందిలోంచే పుట్టాయి. కాబట్టి ముందు తెగడం అంటే ఏమిటో చూద్దాం.

పలచన అయితేనే పదును

కత్తి తెగుతుందా లేదా అన్నది చేతి బలం కన్నా అంచు మందం మీద ఎక్కువ ఆధారపడుతుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాను అంటారు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. బాగా సానపట్టిన కత్తి అంచు 1 మైక్రాను దరిదాపుల్లో ఉంటుంది. అలాంటి అంచులో 1 సెంటీమీటరు పొడవును టమాటా మీద ఆనించి, 1 కిలో బరువు పెట్టినంత బలంతో నొక్కామనుకుందాం. అంచు ఆనిన చోటు చదరపు సెంటీమీటరులో 10,000వ వంతు మాత్రమే. ఆ కాస్త చోట పడే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 10 టన్నుల లెక్కన ఉంటుంది. అంచు మొద్దుబారి 20 మైక్రాన్లకు వెడల్పయిందంటే, అంతే బలంతో నొక్కినా ఒత్తిడి అర టన్నుకు పడిపోతుంది. టమాటా తెగకుండా నలుగుతుంది.

ఇంకో చిన్న పరీక్ష మీరే చేసి చూడవచ్చు. పండిన టమాటా మీద చాకు పెట్టి నిలువుగా నొక్కండి. తొక్క లోపలికి సొట్టబోతుంది గాని వెంటనే తెగదు. అదే చాకును నొక్కకుండా ముందుకో వెనక్కో లాగండి, దిగిపోతుంది. నిలువుగా నొక్కినప్పుడు మన బలంలో ఎక్కువ భాగం పండును సొట్టబెట్టడానికే ఖర్చవుతుంది. లాగినప్పుడు అంచు తొక్కను పట్టుకుని పక్కకు సాగదీస్తుంది. సాగిన తొక్క కొద్ది బలానికే చిరుగుతుంది. 2012లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎల్. మహాదేవన్ బృందం మెత్తని జెల్‌ను సన్నని తీగతో కోసి దీన్ని కొలిచి చూసింది. పక్కకు జరిపే కదలిక తోడైతే, కోత మొదలవడానికి కిందికి నొక్కాల్సిన బలం బాగా తగ్గుతుందని తేల్చింది. జేబు చాకు బ్లేడు ఎంత చిన్నదైనా దాని పొడవంతా వాడుకుంటూ లాగితే పని జరుగుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

అంచు ఒక్కటే పలచగా ఉంటే చాలదు. అంచు వెనకనున్న భాగం కూడా సన్నని చీలలా ఉండాలి. లేకపోతే తెగిన ముక్కలను పక్కకు తోయడానికే బలమంతా పోతుంది. జేబు చాకులకు ఒక్కో వైపు సుమారు 15 నుంచి 20 డిగ్రీల వాలు పెట్టేది ఇందుకే. చిక్కంతా ఇక్కడే వస్తుంది. లోహపు పట్టీ మందం సగమైతే వంపును తట్టుకునే బలం సగం కాదు, నాలుగో వంతుకు తగ్గుతుంది. మొన దగ్గర బ్లేడు మందంలోనూ వెడల్పులోనూ సన్నబడుతూ వస్తుంది. మూత లేపేటప్పుడు మనం పెట్టే బలమంతా బ్లేడులో అన్నిటికన్నా బలహీనమైన ఆ చోటే పడుతుంది. పైగా ఆ బలం కోసే దిశలో కాక అడ్డంగా పడుతుంది.

అంచు అరగడం మీద కూడా అందరికీ ఒక సందేహం ఉంటుంది. గడ్డం వెంట్రుక ఉక్కు కన్నా సుమారు 50 రెట్లు మెత్తన. మరి గడ్డం గీసే బ్లేడు మొద్దుబారేదేమిటి? 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు రోసియోలి, తసన్, వారి సహచరులు ఈ పనిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. బ్లేడు నెమ్మదిగా అరిగిపోవడం కన్నా అంచు చిన్న చిన్న పెచ్చులుగా లేవడం వాళ్లకు కనబడింది. ఉక్కు లోపల అన్నిచోట్లా ఒకే గుణం ఉండదు. కొంత గట్టిగా, పక్కనే కొంత మెత్తగా ఉంటుంది. వెంట్రుక వంగి, అలాంటి సరిహద్దు దగ్గర అంచును పక్కనుంచి తోస్తే పెచ్చు ఊడుతుంది. మెత్తని వెంట్రుకే పక్క నుంచి తోసి అంచును దెబ్బతీస్తున్నప్పుడు, ఇనుప డబ్బా మూత ఏం చేస్తుందో చెప్పనక్కర్లేదు.

గట్టితనం వేరు, చేవ వేరు

వాడుకలో ఈ రెండింటినీ కలిపేస్తాం. లోహశాస్త్రంలో మాత్రం వీటిని విడదీసి చూడాలి. సొట్టపడకుండా, గీత పడకుండా నిలబడేది గట్టితనం. దెబ్బ తగిలినా, వంచినా పగలకుండా ఓర్చుకునేది చేవ. ఒకే ఉక్కులో ఒకదాన్ని పెంచితే సాధారణంగా రెండోది తగ్గుతుంది.

ఉక్కు అంటే కొద్దిపాటి కర్బనం కలిసిన ఇనుము. మామూలు చాకు ఉక్కుల్లో కర్బనం నూటికి అర పాలు నుంచి ఒక పాలు దాకా ఉంటుంది. ఉక్కును ఎర్రగా కాల్చినప్పుడు కర్బనం అణువులు ఇనుము అణువుల మధ్య చోట్లలోకి సర్దుకుంటాయి. నెమ్మదిగా చల్లారనిస్తే ఇనుము అణువులు తమ పాత అమరికకు తిరిగి వస్తూ కర్బనాన్ని బయటికి నెట్టేస్తాయి. ఉక్కు మెత్తబడుతుంది. అలా కాకుండా నీళ్లలోనో నూనెలోనో ఒక్కసారిగా ముంచితే?

సంక్రాంతికి ముందు రోజు ఆర్టీసీ బస్సు సంగతి తీసుకోండి. దిగాల్సినవాళ్లు దిగేలోపే తలుపు మూసుకుని బస్సు కదిలిపోయింది. నడవాలో సంచులతో, మోచేతులతో ఇరుక్కుపోయారు. ఇక ఏ వరుసా ముందుకు గాని వెనక్కి గాని జరగదు. ముంచిన ఉక్కులో కర్బనం పరిస్థితి అదే. బయటికి పోయే వ్యవధి లేక ఇనుము అణువుల మధ్య చిక్కుకుంటుంది. లోహం వంగడమంటే దానిలోని అణువుల వరుసలు ఒకదాని మీద ఒకటి జారడమే. చిక్కుకున్న కర్బనం ఆ జారుడును ఆపేస్తుంది. అందుకే ఉక్కు విపరీతంగా గట్టిపడుతుంది. అయితే బలం మరీ ఎక్కువైనప్పుడు, జారి తప్పించుకునే దారి లేక ఆ ఉక్కు పగులుతుంది. ముంచి తీసిన ఉక్కును కింద పడేస్తే పగిలిపోయేంత పెళుసుగా ఉండవచ్చు.

అందుకే కమ్మరి ముంచి తీసిన కత్తిని మళ్లీ కాస్త వెచ్చబెడతాడు. ఇరుక్కున్న కర్బనంలో కొంత కదిలి సర్దుకుంటుంది. గట్టితనం కొద్దిగా పోయి చేవ వస్తుంది. ఎంత వేడి సరిపోతుందో చెప్పడానికి థర్మామీటరు లేని రోజుల్లో ఉక్కు రంగే కొలమానం. శుభ్రంగా రుద్దిన మామూలు ఉక్కు మీద 220 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఎండుగడ్డి రంగు వస్తుంది. 300 దగ్గర నీలం వస్తుంది. కత్తి అంచుకు గడ్డి రంగు దగ్గర ఆపాలి. స్ప్రింగుకు నీలం దాకా పోనివ్వాలి. కొలిమి ముందు కూర్చుని, క్షణాల్లో మారే ఆ రంగును పట్టుకునే కమ్మరి కన్ను ఒక శాస్త్ర పరికరమే. దానికి ఇవ్వాల్సినంత గౌరవం మనం ఇవ్వలేదు.

తెలుగు నేలకు ఈ కథలో నిజమైన చోటుంది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కును పారశీక వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. అందులో కర్బనం ఒక శాతానికి పైనే ఉండేది. ఐరోపావాళ్లు ఊట్జ్ అని పిలిచిన దక్షిణ భారతపు ఉక్కు ఇదే. లండన్‌లో కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్ ఈ ఉక్కును చూసి ముచ్చటపడ్డాడు. కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడేతో కలిసి దీని రహస్యం వెతికాడు. ఆ వెతుకులాటలో ఇద్దరూ ఉక్కులో రకరకాల లోహాలు కలిపి 1820, 1822లలో ఫలితాలు ప్రచురించారు. అలా కలిపిన లోహాల్లో క్రోమియం ఒకటి. మన జేబు చాకు తుప్పు పట్టకుండా కాపాడుతున్నది ఆ క్రోమియమే.

ఒక్క చాకులో నాలుగు రకాల గట్టితనం

ఇప్పుడు స్విట్జర్లాండ్ వెళదాం. ష్విజ్ ప్రాంతంలోని ఇబాఖ్ అనే ఊళ్లో కార్ల్ ఎల్సెనర్ 1884లో కత్తుల పని మొదలుపెట్టాడు. ఆ తరువాత స్విస్ సైన్యం తన సిపాయిలకు ఒక మడత చాకు ఇవ్వాలనుకుంది. కొత్తగా వచ్చిన తుపాకీని విప్పడానికి స్క్రూడ్రైవరు కావాలి, డబ్బా ఆహారానికి ఓపెనరు కావాలి. బ్లేడు, బెజ్జం పెట్టే సూది కూడా చేర్చి 1890 నమూనా తయారుచేశారు. మొదట ఆ చాకులు జర్మనీలోని జోలింగెన్ నుంచి వచ్చాయి. స్విస్ సైన్యం చాకు స్విస్ చేతులతోనే తయారవ్వాలని ఎల్సెనర్ పట్టుబట్టి, 1891లో తన మొదటి చాకులు అందించాడు. జోలింగెన్ కర్మాగారాల ధరతో పోటీపడలేక దివాలా అంచుకు వెళ్లి కూడా ఆయన ఆగలేదు.

1897 జూన్ 12న ఆయన నమోదు చేయించుకున్న ఆఫీసరు చాకులో ఒక గొప్ప ఆలోచన ఉంది. అంతకు ముందు స్ప్రింగుకు ఒక వైపునే పనిముట్లు ఉండేవి. ఎల్సెనర్ అదే స్ప్రింగు వీపును కూడా వాడుకున్నాడు. రెండు స్ప్రింగులతో ఆరు పనిముట్లను నిలబెట్టాడు. బరువు పెరగకుండా పనులు పెరిగాయి. జేబులో పట్టేంత చోటులో అన్ని పనిముట్లు దూరడానికి దారి చూపింది ఈ ఒక్క మార్పే.

తల్లి విక్టోరియా 1909లో చనిపోయాక ఆయన తన సరుకుకు ఆమె పేరు పెట్టాడు. తుప్పు పట్టని ఉక్కు వచ్చాక, 1921లో ఆ పేరుకు ఫ్రెంచిలో ఆ ఉక్కును సూచించే ఇనాక్స్ అనే మాట చేర్చారు. అదే విక్టోరినాక్స్.

మన ప్రశ్నకు జవాబు ఈ కంపెనీ చెప్పే అంకెల్లో స్పష్టంగా ఉంది. ఉక్కు గట్టితనాన్ని రాక్‌వెల్ సి అనే కొలతలో చెబుతారు. కోసుగా చెక్కిన వజ్రాన్ని 150 కిలోల బరువుతో ఉక్కులోకి నొక్కి, ఎంత లోతు దిగిందో చూసి అంకె ఇస్తారు. తక్కువ దిగితే ఎక్కువ అంకె. విక్టోరినాక్స్ చాకులో బ్లేడు 56. రంపం, కత్తెర, గోళ్ల ఆకురాయి 53. స్క్రూడ్రైవరు, డబ్బా ఓపెనరు, సూది 52. లోపలి స్ప్రింగు 49. చూడటానికి ఒకే మెరుపు, ఒకే పిడి. లోపల మాత్రం ఒక్కో పనిముట్టుకు తన పనికి తగినట్టు గట్టితనం కుదిర్చారు. బ్లేడుకు అంచు నిలవాలి కాబట్టి 56. స్క్రూడ్రైవరు మెలితిప్పును ఓర్చుకోవాలి కాబట్టి 52, దానికి తోడు మందమైన ఆకారం. స్ప్రింగు ఎన్నో ఏళ్లపాటు వేలసార్లు వంగి మళ్లీ తన చోటికి రావాలి కాబట్టి 49. పెయింటు డబ్బా మూత లేపాల్సింది 52 గట్టితనంతో, మందంగా ఉన్న స్క్రూడ్రైవరుతో. మనం లేపినది 56 గట్టితనంతో, పలచగా ఉన్న మొనతో.

పట్టకారు జేబులోకి వచ్చింది

1975లో అమెరికాలోని ఆరెగన్‌కు చెందిన టిమ్ లెదర్‌మన్ అనే ఇంజినీరు ఒక పాత ఫియట్ కారులో ఐరోపా తిరుగుతున్నాడు. కారు మొరాయించేది. చవక హోటళ్లలో కుళాయిలు కారేవి. జేబులో స్కౌట్ చాకు ఉండేది. అది కోయడానికి పనికొచ్చింది గాని, దేన్నీ గట్టిగా పట్టుకుని తిప్పలేకపోయింది. ఇంటికి వచ్చాక ఏళ్ల తరబడి కూర్చుని పట్టకారు ఉన్న చాకు తయారుచేశాడు. 1980లో పేటెంటు వచ్చింది. కత్తుల కంపెనీలకు చూపిస్తే ఇది కత్తి కాదు, పనిముట్టు అన్నారు. పనిముట్ల కంపెనీలు దాన్ని పనిముట్టుగా లెక్కలోకే తీసుకోలేదు. చివరికి 1983లో స్నేహితుడు స్టీవ్ బెర్లినర్‌తో కలిసి తానే కంపెనీ పెట్టాడు. మల్టీటూల్ అని ఇప్పుడు మనం కొంటున్నవాటిలో చాలావాటి నమూనా అదే.

పట్టకారు బలమంతా తులాదండపు లెక్క. ఇరుసు నుంచి చెయ్యి 8 సెంటీమీటర్ల దూరంలో, తీగ 1 సెంటీమీటరు దూరంలో ఉంటే మన పిడికిలి బలం తీగ దగ్గర 8 రెట్లవుతుంది. 20 కిలోల బలంతో పిండితే తీగ మీద 160 కిలోల బలం పడుతుంది. అందుకే తీగ తెంపే చోటును ఇరుసుకు ఆనుకునే పెడతారు. తాంబూలం పళ్లెంలోని అడకత్తెరలోనూ ఇదే లెక్క. వక్కను ఇరుసు వైపుకు ఎంత జరిపితే అంత తేలిగ్గా తెగుతుంది. లెదర్‌మన్ చేసిన తెలివైన పని పిడులను బోలుగా చేయడం. మందపు రేకును వంచి కాలువలా చేసి, పట్టకారు తల మడిచినప్పుడు అందులోకి దూరేలా అమర్చాడు. ఆ రేకు అంచులు అరచేతిలో గుచ్చుకునేవి. తరువాతి నమూనాల్లో వాటిని నునుపు చేశారు.

ఒక హెచ్చరిక తప్పనిసరి. మల్టీటూల్ పిడులు నిఖార్సయిన లోహం. కరెంటు మేస్త్రీ వాడే కటింగ్ ప్లేయరుకు ఉండే ప్లాస్టిక్ తొడుగు దీనికి ఉండదు. స్విచ్చు ఆపేశాం కదా అనే ధీమాతో దీన్ని కరెంటు తీగల మీద పెట్టవద్దు.

వేళ్ల మీదికి మూసుకోకుండా

మామూలు మడత చాకును తెరిచేటప్పుడు చివర టక్కుమంటుంది. బ్లేడు అడుగు భాగం చదునైన పక్కలతో ఉంటుంది. స్ప్రింగు ఆ చదునును నొక్కి పట్టుకుంటుంది. బ్లేడు తిరగాలంటే దాని మూల స్ప్రింగును పైకెత్తాలి. అంతవరకే దాని పట్టు. తాళం కాదది. బ్లేడు వీపు మీద గట్టి బలం పడితే మూల స్ప్రింగును గెలుస్తుంది, బ్లేడు వేళ్ల మీదికి మూసుకుంటుంది. ఇలాంటి చాకు మొనతో బెజ్జాలు పొడవడం మంచిది కాదు.

ఈ ప్రమాదానికి చాలా విరుగుళ్లు వచ్చాయి. నాకు నచ్చినది ఫ్రాన్స్ కొండప్రాంతం సవోయిలో 1890 నుంచి చేస్తున్న ఒపినెల్ చాకుది. దాని చెక్క పిడి మెడకు 1955లో ఒక చీలిక ఉన్న ఉంగరం తొడిగారు. ఉంగరం తిప్పితే బ్లేడు కదలదు, వెనక్కి తిప్పితే మడుచుకుంటుంది. విరగడానికి, పాడవడానికి అందులో ఏమీ లేదు. ఈ రోజుల్లో ఎక్కువగా కనిపించేది లోపలి రేకు పక్కకు వచ్చి బ్లేడు వెనక ఆనుకునే తాళం. 1980ల్లో మైకేల్ వాకర్ అనే అమెరికా చాకుల పనివాడి చేతిలో అది ఇప్పటి రూపానికి వచ్చింది. ఏ తాళమైనా దుమ్ము పేరుకుంటే సరిగా పడదు. తెరిచిన ప్రతిసారీ పడిందో లేదో చూసుకోవాలి.

రోజూ వెంట ఉంచుకునేవారికి

కొరియరు పెట్టె టేపు, గోనె సంచి కుట్టు, మామిడిపండు, ఊడిన ప్లగ్గు స్క్రూ లాంటి పనులకు 6, 7 సెంటీమీటర్ల బ్లేడు చాలు. 33 పనుల చాకు కొని బరువని బల్ల సొరుగులో పడేసేకంటే నాలుగు పనుల చాకు జేబులో ఉండటం మేలు.

తుప్పు పట్టని ఉక్కుకు కూడా తుప్పు పడుతుంది. అందులో ఉండే సుమారు 13 శాతానికి పైబడిన క్రోమియం గాలితో కలిసి కంటికి కనబడని పొర కడుతుంది. ఆ పొర మందం కొన్ని నానోమీటర్లే. గీత పడినా మళ్లీ దానంతటదే కట్టుకుంటుంది. ఉప్పులోని క్లోరైడుకు మాత్రం దాన్ని తూట్లు పొడిచే శక్తి ఉంది. నిమ్మకాయ, ఉప్పు చల్లిన మామిడి కోసిన తరువాత, సముద్రపు ఒడ్డున వాడిన తరువాత కడిగి, తెరిచి ఆరబెట్టండి. మడతలో చిక్కుకున్న తడిని మరచిపోవద్దు. ఇరుసులో వంటనూనె వేస్తే కొన్నాళ్లకు జిగటపడుతుంది. ఆహారానికి హాని చేయని మినరల్ ఆయిల్ ఒక్క చుక్క చాలు.

సాన విషయంలో తొందర పనికిరాదు. వేగంగా తిరిగే చక్రం మీద నిప్పురవ్వలు ఎగిరేలా పట్టిస్తే అంచు నిమిషంలో మెరుస్తుంది. కాని ఆ సన్నని అంచు ఎంత వేడెక్కిందో గమనించండి. అంచు నీలమైందంటే, కమ్మరి గడ్డి రంగు దగ్గర ఆపి కాపాడిన గట్టితనం అక్కడ పోయినట్టే. అలాంటి అంచు నాలుగు రోజులకే మొద్దుబారుతుంది. తడిపిన సానరాయి మీద చేత్తో సానపట్టుకోవడమే మంచిది. కోణం కుదురుతుందో లేదో తెలియకపోతే అంచు పొడవునా మార్కర్ పెన్నుతో రంగు పూయండి. నాలుగుసార్లు రుద్దాక రంగు ఎక్కడ పోయిందో చూస్తే రాయి ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది. మొద్దు చాకుకు బలం ఎక్కువ పెట్టాలి. బలం ఎక్కువ పెట్టినప్పుడే చెయ్యి జారి గాయమవుతుంది. పదునైన చాకే సురక్షితం. ఎప్పుడు కోసినా అంచు మీ ఒంటికి దూరంగా పోయేలా చూసుకోండి.

చివరగా చట్టం. విమానం క్యాబిన్‌లోకి ఎంత చిన్న చాకైనా, బ్లేడున్న మల్టీటూలైనా తీసుకువెళ్లవద్దు. బ్రిటన్‌కు చదువుకో ఉద్యోగానికో వెళ్లే మనవాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. అక్కడి 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం ప్రకారం, సరైన కారణం చూపకుండా బహిరంగ స్థలంలో వెంట ఉంచుకోదగినది 3 అంగుళాలు, అంటే 7.62 సెంటీమీటర్లు మించని అంచున్న మడత చాకు మాత్రమే. బ్లేడుకు తాళం పడే చాకును అక్కడి కోర్టులు ఈ మినహాయింపు కింద లెక్కించవు. మన వేళ్లను కాపాడే ఆ తాళమే అక్కడ చిక్కు తెచ్చిపెడుతుంది. ఊరు మారేముందు మీ చాకుకు తాళం ఉందో లేదో చూసుకోండి, వెళ్లే దేశపు నియమాలు చదవండి. ప్రయాణానికి ముందు రోజు రాత్రే దాన్ని జేబులోంచి తీసి చెక్-ఇన్ సంచిలో పెట్టండి.